‘ఏదో జరిగింది లెండి’ అన్నప్పుడు: లైంగిక హింసకు గురైన మైనారిటీ మగవాళ్లతో పనిచేసేవాళ్లకు శిక్షణ

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్ పాతబస్తీలోనూ పక్క రెండు జిల్లాల్లోనూ మీ సంస్థ పనిచేస్తోంది. కౌన్సెలర్లు, ఔట్‌రీచ్ వర్కర్లు, హాస్టల్ వార్డెన్లు, పారాలీగల్ (న్యాయ సహాయ) వాలంటీర్లు కలిపి 22 మంది ఉన్నారు. చిన్నప్పుడో పెద్దయ్యాకో లైంగిక హింసకు గురైన మగవాళ్లు అప్పుడప్పుడు వస్తున్నారు: ముస్లింలు, దళిత క్రైస్తవులు, లంబాడా కుర్రాళ్లు, స్వలింగ సంపర్కులు. ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ రావడం లేదు. మూడు రోజుల శిక్షణలో ఏం పెట్టాలి అన్నారు.

‘ఒకసారి వచ్చి మళ్లీ రావడం లేదు’ అన్న ముక్కలోనే మీ శిక్షణంతా ఉంది. వచ్చినవాడు ఆ మొదటి రోజే ఒక అరమాట వదిలి చూసి ఉంటాడు. దాన్ని ఎవరూ అందుకోలేదు, లేదా అందుకున్నవాళ్లు గట్టిగా పట్టుకుని లాగారు. మూడు రోజుల్లో సగానికి పైగా సమయం ఆ అరమాటకు ఏం బదులివ్వాలో నోటితో సాధన చేయించడానికే పెట్టండి. చట్టం, వైద్యం, సిద్ధాంతం మిగతా సగంలో సర్దుకుంటాయి. చాలాచోట్ల దీన్ని తిరగేసి చేస్తారు. రెండున్నర రోజులు స్లైడ్లు చూపించి, చివరి మధ్యాహ్నం అందరూ బస్సుల టైము చూసుకుంటున్నప్పుడు రోల్‌ప్లే పెడతారు. అలా శిక్షణ పొందినవాళ్లకు విషయం తెలుస్తుంది కానీ ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు నోరు పెగలదు.

మొదటి రోజు ఉదయమే ఎవరో ఒకరు ‘మగవాళ్లకు ఇలాంటివి అరుదు కదండీ’ అంటారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. వాళ్లలో 53.22 శాతం మంది తమకు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. అలా చెప్పినవాళ్లలో 52.94 శాతం మగపిల్లలే. ఎక్కువ శాతం నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ పిల్లలకు ఇప్పుడు పాతిక దాటి నలభై లోపు వయసు. వాళ్లే మీ బెంచీ మీద కూర్చుంటున్నారు. ఇంతకు మించి గణాంకాలు వద్దు, గది నిద్రపోతుంది.

‘నా మీద లైంగిక హింస జరిగింది, మాట్లాడాలి’ అని చెప్పి లోపలికి వచ్చే మగవాడు దాదాపు ఉండడు. నిద్ర పట్టడం లేదని వస్తాడు. గ్యాస్ ట్రబుల్, గుండె దడ అని వస్తాడు. మందు మానలేకపోతున్నాడని భార్య వెంటబెట్టుకొస్తుంది. పెళ్లి కుదిరాక ‘నరాల బలహీనత’ అంటూ వస్తాడు. అంతకు ముందే బస్టాండు గోడ మీద ప్రకటన చూసి ఎవరి దగ్గరో వేలకు వేలు పోసి ఉంటాడు. ఈ నాలుగు ఫిర్యాదులనూ బోర్డు మీద రాసి, ఒక్కోదాని పక్కన ‘ఇంకేం అడగొచ్చు’ అన్నది గ్రూపుతోనే రాయించండి. అయితే నిద్ర పట్టనివాడల్లా బాధితుడు కాడు, ఎవరినీ తవ్వకూడదు. అందరినీ ఒకేలా అడిగే ప్రశ్న ఒకటి ఉంటే చాలు: ‘కొంతమంది మగవాళ్లకు చిన్నప్పుడో తర్వాతో, ఇష్టం లేకుండా ఎవరో ఒంటి మీద చెయ్యి వేసిన అనుభవం ఉంటుంది. మీకూ అలాంటిది ఏదైనా ఉంటే ఇక్కడ చెప్పొచ్చు. చెప్పకపోయినా పర్వాలేదు.’ ఈ మాట తడబడకుండా, కాగితం వైపు చూడకుండా, గొంతు తగ్గించకుండా చెప్పగలిగేదాకా ప్రతి ఒక్కరి చేతా చెప్పించండి. గొంతు తగ్గిందంటే అది సిగ్గుపడాల్సిన విషయమని మనమే చెప్పినట్టు.

మాటలతో మొదలుపెట్టండి

తెలుగులో ఈ హింసకు వాడుకలో ఉన్న పదాలు దాదాపు అన్నీ ఆడవాళ్ల కోసం పుట్టినవే. మానభంగం, చెరచడం, శీలం పోవడం, వీటిలో ఏ ఒక్కటీ మగవాడు తన గురించి తాను చెప్పుకోలేడు. కాబట్టి ‘తప్పుడు పని చేశాడు’ అంటాడు, ‘గలీజు పని’ అంటాడు, ‘నన్ను వాడుకున్నాడు’ అంటాడు. ‘ర్యాగింగ్‌లో కొంచెం ఎక్కువైంది’ అని తేలిగ్గా తేల్చేస్తాడు. పాతబస్తీలో ‘గలత్ కామ్’ (తప్పుడు పని), ‘జ్యాద్తీ’ (దౌర్జన్యం) అన్న మాటలు వినిపిస్తాయి. చేసింది ఆడమనిషి అయితే ‘చిన్నప్పుడే నేర్చేసుకున్నాం’ అని నవ్వేసి ఊరుకుంటాడు, ఆ నవ్వు కింద ఏముందో ఎవరూ అడగరు. మొదటి రెండు సిటింగుల్లో అతను వాడిన మాటే మనమూ వాడాలి. అతను ‘ర్యాగింగ్’ అంటే మనం ‘అత్యాచారం’ అని దిద్దకూడదు. ‘బాధితుడు’ అన్న బిరుదు కూడా మనం తగిలించకూడదు.

దీనికి 30 నిమిషాల అభ్యాసం ఉంది. ఒక్కొక్కరికి అయిదేసి చీటీలు ఇచ్చి, ఇలాంటి మగవాళ్ల గురించి ఊళ్లో, ఇంట్లో, స్టాఫ్‌రూమ్‌లో విన్న మాటలన్నీ రాయమనండి. ఆడంగి, పేడి లాంటి తిట్లు, ‘మగాడివై ఏడుస్తావేంట్రా’, ‘మగాడికేం పోతుంది’, ‘నువ్వు ఒప్పుకోకుండా ఎలా జరుగుతుంది’, అన్నీ వస్తాయి. చీటీలు కలిపేసి ఒక్కరే పైకి చదవాలి. మొదటిసారి చదివినప్పుడు జనం నవ్వుతారు. నవ్వనివ్వండి, మందలించొద్దు, అది ఇబ్బందిలో వచ్చే నవ్వు. ఒక నిమిషం ఆగి అవే చీటీలు మళ్లీ చదవండి. ఈసారి ‘పదకొండేళ్ల పిల్లాడు ఈ మాట విన్నాడు’ అని ముందుగా ఒక్క వాక్యం చేర్చండి. గది మారిపోతుంది. ఆ తర్వాత అరగంట చర్చ పెట్టొద్దు, వెంటనే టీ ఇవ్వండి.

అరమాట సాధన

ముగ్గురేసి కూర్చోవాలి (22 మందిలో ఒక జట్టుకు నలుగురు వస్తారు). ఒకరు మాట్లాడేవారు, ఒకరు వినేవారు, ఒకరు గమనించేవారు. ఏడు నిమిషాల ఆట, మూడు నిమిషాల మాట, తర్వాత పాత్రలు మార్చుకోవాలి. ఒకరోజులో ఒక్కొక్కరికి వినేవారి వంతు కనీసం నాలుగుసార్లు రావాలి. కచ్చితమైన నియమం ఒకటి: హింస వివరాలు నటించకూడదు. కార్డు మీద ఉన్న మొదటి వాక్యం, దాని చుట్టూ ఉన్న తటపటాయింపు, అంతవరకే. వివరాల్లోకి వెళితే ఆ గదిలోనే అలాంటి గతం ఉన్నవాళ్లు కుప్పకూలిపోతారు. 22 మందిలో అలాంటివాళ్లు ఉంటారనే అనుకుని ఏర్పాట్లు చేసుకోండి.

ఒక కార్డును దగ్గరగా చూద్దాం. దాని మీద ఇలా ఉంటుంది: ‘హాస్టల్లో ఉన్నప్పుడు కొన్ని జరిగాయి లెండి, అవన్నీ ఇప్పుడెందుకు.’

అలవాటు లేనివాళ్లు మూడు రకాలుగా బదులిస్తారు. కొందరు వెంటనే ‘ఏం జరిగింది? ఎవరు చేశారు? ఏ హాస్టల్?’ అంటారు, అది పోలీసు విచారణ. కొందరు ‘పోనీలెండి, పాతవి మర్చిపోయి ముందుకెళ్లాలి’ అంటారు. అతను తెరవబోయిన తలుపును మనమే మూసినట్టు. ఇంకొందరు ‘అయ్యో’ అని మొహం పెడతారు. ఆ మొహం చూసి అతనే మనల్ని ఓదార్చడం మొదలుపెడతాడు.

సరైన దారి నెమ్మదైనది. రెండు క్షణాలు ఆగాలి. తర్వాత: ‘ఇప్పుడే చెప్పాలని ఏమీ లేదు. చెప్పాలనిపిస్తే మీకు వీలైనంత చెప్పండి, వింటాను.’ అతను ‘మా సీనియర్ ఒకడుండేవాడు...’ అని ఆగుతాడు. ఇక్కడ ‘తర్వాత?’ అనకూడదు, అది లాగడం. ‘ఊఁ’ అంటే చాలు. నిశ్శబ్దం పదిహేను, ఇరవై సెకన్లు సాగుతుంది. గమనించేవాళ్లను ఆ సెకన్లు లెక్కపెట్టి రాయమనండి, ఎందుకంటే కొత్తవాళ్లు నాలుగో సెకనుకే ఏదో ఒకటి మాట్లాడేస్తారు. అతను ఇంకాస్త చెప్పాక, ‘ఇది ఇంతకు ముందు ఎవరికైనా చెప్పారా?’ అని అడగాలి. చెప్పాడంటే, వాళ్లు ఏమన్నారో కూడా అడగాలి. అమ్మ చెంపదెబ్బ కొట్టిందనో, వార్డెన్ నవ్వాడనో అంటే, మన దగ్గర అతను దేనికి భయపడుతున్నాడో అక్కడే తెలుస్తుంది.

చివరగా మూడు వాక్యాలు అందరికీ నోటికి రావాలి. ‘మీరు చెప్పింది నమ్ముతున్నాను. అందులో మీ తప్పు లేదు. ఏం చేయాలో మీరే నిర్ణయించుకుంటారు, నేను పక్కన ఉంటాను.’ ఉర్దూలో మాట్లాడే కౌన్సెలర్లు ‘ఆప్‌కీ గల్తీ నై హై’ అని తమ దక్కనీ యాసలోనే చెప్పాలి, పుస్తకం ఉర్దూ వద్దు. రెండో వాక్యం విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. అతను ఇంకా తన తప్పు ఊసు ఎత్తకముందే ‘మీ తప్పు లేదు’ అనేస్తే, సంభాషణ ముగిస్తున్నట్టు వినిపిస్తుంది. అతని నోట ‘నేనే వెళ్లాను’, ‘నేను అరవలేదు’ లాంటిది వచ్చేదాకా ఆగి, అప్పుడు చెప్పాలి.

గోప్యత గురించి మాత్రం ఇవన్నీ మొదలవకముందే చెప్పాలి: ‘మీరు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. 18 ఏళ్ల లోపు పిల్లలకు ప్రమాదం ఉందని తెలిసినా, మీ ప్రాణానికి ప్రమాదం అనిపించినా మాత్రం బయటికి చెప్పాల్సి వస్తుంది. అప్పుడు కూడా ముందు మీతోనే మాట్లాడతాను.’ అంతా విన్నాక ఈ మాట చెబితే మోసపోయానని అనుకుంటాడు, ఇక రాడు. ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ అన్న ప్రశ్నను కూడా సూటిగా, ఇవే మాటల్లో అడిగించండి. అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం ప్రతి గ్రూపులోనూ ఉంటుంది. అడగడం వల్ల పుట్టదు. ఉన్నవాడికి చెప్పుకునే వీలు దొరుకుతుంది. అతను అవునంటే ఏం చేయాలో, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416తో సహా, ఒక పేజీలో రాసి గోడకు కాకుండా ప్రతి ఒక్కరి డైరీలో అంటించండి.

శరీరం గురించి సూటిగా

ఈ గంటను వైద్యుడి చేత చెప్పించండి. ఎంత మాట్లాడినా విడిపోని ముడి ఇదే: ‘నాకు కూడా గట్టిపడింది, అంటే నేను ఒప్పుకున్నట్టే కదా.’ అంగం గట్టిపడటం, వీర్యం రావడం భయంలోనూ నొప్పిలోనూ కూడా జరుగుతాయి. అది తాకిడికి శరీరం ఇచ్చే అసంకల్పిత స్పందన. చక్కిలిగింతలు పెడితే ఇష్టం లేకపోయినా నవ్వు వస్తుంది, ఆ నవ్వు సంతోషం కాదు. ఈ పోలిక ప్రతి కౌన్సెలర్ దగ్గరా ఉండాలి. ఎందుకు ఎదురు తిరగలేదన్నదీ అంతే. ఒళ్లు మొద్దుబారిపోవడం, గొంతు పెగలకపోవడం బలమైన మగవాళ్లకూ జరుగుతుంది. పోలీసులకూ సైనికులకూ జరుగుతుంది. చాలామందిని లోపల తినేసే ఇంకో రెండు ప్రశ్నలకు కూడా జవాబు సాధన చేయించండి. ‘నేను కూడా పిల్లల్ని అలా చేస్తానా?’ అన్నది ఒకటి. హింసకు గురైన మగవాళ్లలో అత్యధికులు ఎవరినీ ఏమీ చేయరు. ‘దీనివల్లే నేను మగవాళ్లను ఇష్టపడుతున్నానా?’ అన్నది రెండోది. హింస ఎవరి ఇష్టాలనూ తయారుచేయదు. స్వలింగ సంపర్కుడికి జరిగిన హింస వేరు, అతని ఇష్టం వేరు, రెంటినీ ముడిపెట్టే మాట మన నోట రాకూడదు. ‘మార్చే చికిత్స’ పేరుతో ఎవరికైనా పంపితే అది జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించిన పని అని వైద్యుడే చెప్పాలి.

‘పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి’ అన్న సలహాను పేరు పెట్టి నిషేధించండి. అది మన స్టాఫ్ నోటి నుంచే వస్తుంది, మంచి మనసుతోనే వస్తుంది. నష్టం ఇద్దరికి జరుగుతుంది.

మైనారిటీ అన్నప్పుడు అదనంగా ఏముంది

ఒక మగవాడిగా అతనికి ఉన్న భయాల పైన ఇంకో భయం ఉంటుంది: నేను నోరు విప్పితే మా వాళ్లందరి పేరూ పోతుంది. చేసినవాడు మదర్సాలో చదువు చెప్పినవాడైతే, చర్చి పెద్ద అయితే, తండాలో సొంత బాబాయే అయితే, ఈ ఒక్క మాట రేపు పేపర్లో ఎలా వస్తుందో అతనికి బాగా తెలుసు. కౌన్సెలర్ ‘మీ వాళ్లలో ఇలాంటివి ఎక్కువా?’ అని అడిగిన క్షణం ఆ భయం నిజమైపోతుంది. ఈ నేరం ప్రతి మతంలో, ప్రతి కులంలో, ప్రతి హాస్టల్లో ఉంది. ఆ మాట అతను అడగకపోయినా మనం చెప్పాలి.

సొంత వర్గం కౌన్సెలర్‌నే ఇస్తే సుఖంగా ఉంటాడన్నది చాలామంది చేసే ఊహ. కొన్నిసార్లు అది తలకిందులవుతుంది. అదే మొహల్లా మనిషి అయితే రేపు మా మామూకి తెలిసిపోతుందన్న భయం. కాబట్టి మగ కౌన్సెలరా, ఆడ కౌన్సెలరా, మీ భాష మాట్లాడేవారా, మీ వర్గం బయటివారా అని నాలుగూ అడగాలి. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే, ఫోన్లోనే అడగాలి. లంబాడీ, గోండీ, కోయ మాట్లాడేవాళ్లకు దుబాసీ కావాలంటే చుట్టం గానీ ఊరివాడు గానీ కాకూడదు. వేరే మండలం మనిషిని పెట్టుకుని, అతనికీ సగం రోజు శిక్షణ ఇవ్వాలి. దుబాసీకి పదాలు సిగ్గనిపించి మింగేయడం చాలా మామూలు. ‘అక్కడ పట్టుకున్నాడు’ అన్నది ‘కొట్టాడు’గా మారిపోతుంది. అంగాల పేర్లన్నీ ముందే రెండు భాషల్లో పైకి పలికించండి.

మతం విషయంలో తీర్పులు మనవి కావు. ‘నేను నాపాక్ (అపవిత్రం) అయిపోయానా?’ అని అడిగితే ఫత్వా మనం చెప్పకూడదు, ‘అలా ఏం కాదు’ అని కొట్టిపారేయకూడదు. ఆ ప్రశ్న అతనికి ఎంత బరువుగా ఉందో వినాలి. అతను కోరుకుంటే, ముందే మాట్లాడి పెట్టుకున్న, పేరు బయటపెట్టని ఒక ఆలిమ్‌తో (మత పండితుడితో) కలపాలి. క్రైస్తవుల విషయంలో ‘క్షమించు’ అన్న మాట చుట్టూ ఒత్తిడి ఉంటుంది. ఆ మాట మన నోట అసలు రాకూడదు. క్షమించాలో లేదో అతని ఇష్టం, దానికి గడువు లేదు. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం అపాయింట్‌మెంట్లు వద్దు. రంజాన్‌లో సాయంత్రం నాలుగు తర్వాత మనిషి అలసిపోయి ఉంటాడు, ఉదయం వేళ ఇవ్వండి.

దళితుల, ఆదివాసీల విషయంలో చేసినవాడి చేతిలోనే తరచూ కూలీ, ఇల్లు, అప్పు ఉంటాయి. ‘ఎందుకు ఊరొదిలి పోలేదు’ అన్న ప్రశ్నకు అక్కడే జవాబుంది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతపు మగవాళ్లలో కూడా యజమాని చేతిలో పాస్‌పోర్టు ఉన్నప్పుడు జరిగినవి బయటికి రాకుండా ఉండొచ్చు. మీ ఔట్‌రీచ్ వర్కర్లు ఆ సంగతి ఎరిగి ఉండాలి.

చట్టం, వైద్యం: ఒక పూటలో

చట్టం పాఠంలో జరిగే పెద్ద తప్పు అతి వాగ్దానం. అతనికి చెప్పాల్సిన నిజం ఇది. వయసు 18 లోపు అయితే 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) మగపిల్లలకూ సమానంగా వర్తిస్తుంది. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, జరిమానాయో, రెండూనో. పెద్దవాళ్ల సంగతి వేరు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 63వ సెక్షన్ అత్యాచార బాధితురాలిగా స్త్రీనే గుర్తిస్తుంది. ‘ప్రకృతి విరుద్ధ’ లైంగిక చర్యలను నేరంగా చూసిన ఐపీసీ 377వ సెక్షన్‌కు సమానమైనది అందులో లేదు. అంటే ఆ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలై 1 నుంచి ఒక వయోజన మగవాడిపై జరిగిన బలాత్కారానికి ప్రత్యేక సెక్షన్ లేదు. గాయపరచడం, నిర్బంధించడం, బెదిరించడం, డబ్బు గుంజడం లాంటి సెక్షన్లతో కేసు కట్టాలి. అంతకు ముందు జరిగినదానికి పాత చట్టమే వర్తిస్తుంది, అంగీకారం లేని చర్యకు 377 నిలుస్తుంది. 2018 సెప్టెంబర్ 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు 377 నుంచి తీసేసింది వయోజనుల అంగీకారంతో జరిగినదాన్నే. ఈ తేదీల గీత ఒకటి బోర్డు మీద గీసి, పదేసి ఊహా కేసులు ఇచ్చి ఏది ఎటు పడుతుందో పెట్టించండి. న్యాయవాది ఉపన్యాసం కన్నా అది బాగా ఎక్కుతుంది.

అతనికి ఎస్సీ, ఎస్టీ గుర్తింపు ఉండి (దళిత క్రైస్తవులకు ఎస్సీ గుర్తింపు లేదు), చేసినవాడు ఆ వర్గాల బయటివాడైతే 1989 ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల (దౌర్జన్యాల) నిరోధక చట్టాన్ని మర్చిపోవద్దు. బలవంతంగా బట్టలు ఊడదీయడం లాంటి అవమానం అందులో ఆడామగా తేడా లేకుండా నేరం. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయాలి. ముస్లిం, క్రైస్తవ వయోజన మగవాళ్లకు మైనారిటీ మతం ఒక్కటే ఆ సహాయానికి అర్హత కాదు, వేరే అర్హత లేకపోతే ఆదాయ పరిమితి చూడాలి. డేటింగ్ యాప్‌లో పరిచయమై, వీడియో తీసి డబ్బు గుంజే కేసులు ఎక్కువగా వస్తాయి. ముందు చేయాల్సింది డబ్బు ఆపడం, చాట్ చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసుకోవడం, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పడం.

వైద్యంలో గంటలే ముఖ్యం. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల లోపు మొదలవ్వాలి. రోజుకొకటి చొప్పున 28 రోజులు. ఇది హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో దొరుకుతుంది. దాంతోపాటు హెపటైటిస్ బి టీకా, మిగతా సుఖవ్యాధుల పరీక్షలు. మందు ఆపేసే కారణాల్లో రెండు మన చేతిలో ఉన్నవే. ఒకటి రంజాన్ ఉపవాసం: రోజుకొకటే కాబట్టి ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చు, అది ముందే చెప్పాలి. రెండోది కడుపు మంటకు తాగే యాంటాసిడ్: డోల్యుటెగ్రావిర్ అనే మందు ఉన్న ఈ హెచ్ఐవీ మాత్రను దానికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు.

ఆధారాలకు కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం 96 గంటల దాకా వీలుంటుంది. అతనికి ముందు తోచేది స్నానం, ముస్లిం అయితే గుసుల్ (శుద్ధి స్నానం) చేయకుండా నమాజ్ ఎలా అన్న వ్యాకులత. ఇంకా చేయలేదంటే కొద్ది గంటలు ఆగగలరా అని అడగాలి. చేసేశాడంటే ‘అయ్యో ఎందుకు చేశారు’ అనకూడదు, అయినా ఆసుపత్రికి వెళ్లొచ్చని చెప్పాలి. బట్టలు ఒక్కొక్కటీ వేర్వేరు కాగితపు సంచుల్లో పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమకు పాడవుతాయి. ఎఫ్ఐఆర్ లేనిదే చూడం అంటూ ఏ ఆసుపత్రీ చికిత్స నిరాకరించకూడదు. ఆ మాట కౌంటర్ దగ్గర మర్యాదగా, గట్టిగా చెప్పడం కూడా సాధన చేయించండి.

మీ గది, మీ ఫారం, మీ ఫోన్

శిక్షణ రెండో రోజు మధ్యాహ్నం అందరినీ మీ ఆఫీసులో బయటి గేటు నుంచి కౌన్సెలింగ్ గది దాకా ఒక్కొక్కరిగా నడిపించండి, ఆ మగవాడి కళ్లతో. గోడ మీద పోస్టర్లన్నీ ఆడవాళ్లవే, పిల్లలవే. ఫారంలో ‘బాధితురాలి పేరు’ అని అచ్చయి ఉంది. రిసెప్షన్‌లో పేరు, ఊరు, సమస్య అందరి ముందూ గట్టిగా అడుగుతున్నారు. గదిలో అతని కుర్చీ గోడ మూలకు ఉంది, తలుపు మన వెనక ఉంది. కుర్చీ తలుపు కనిపించేలా తిప్పండి, గడియ పెట్టొద్దు. కంగారు పెరిగినప్పుడు కళ్లు మూసుకోమనొద్దు, చాలామందికి కళ్లు మూస్తే అదే గది కనిపిస్తుంది. కళ్లు తెరిచే ఉంచి, రెండు పాదాలూ నేలకు ఆనించి, గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు చెప్పమనండి. భుజం తట్టడం, చెయ్యి పట్టుకోవడం వద్దు, అడిగి ఒప్పుకుంటే తప్ప. ఫోన్ నంబరు రాసుకునేటప్పుడు ‘ఈ ఫోన్ ఇంకెవరైనా ఎత్తుతారా? ఎత్తితే మేం ఎవరమని చెప్పాలి?’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న లేక ఎన్నో రహస్యాలు ఇంట్లోవాళ్ల చెవిన పడ్డాయి.

నిర్వహణ సంగతి కొంచెం. 22 మందిని ఒకే గదిలో పెట్టొచ్చు కానీ సాధన వేళ ఇద్దరు శిక్షకులు తిరుగుతుండాలి, మూడో మనిషి పక్క గదిలో ఊరికే కూర్చుని ఉండాలి, ఎవరైనా తట్టుకోలేక బయటికి వస్తే వాళ్ల కోసం. బయటికి వెళ్లినవాళ్లను ఎందుకని అడగరని మొదటి పది నిమిషాల్లోనే చెప్పండి. బాధితుడిని తెచ్చి వేదిక మీద కథ చెప్పించొద్దు. విన్నవాళ్లు కదిలిపోతారు, చెప్పినవాడు ఇంటికెళ్లి వారం నిద్రపోడు. బాధితుల అనుభవం కావాలంటే, ఒప్పుకున్నవాళ్లను పాఠ్యాంశం తయారీలో కూర్చోబెట్టి, ఆ పనికి డబ్బివ్వండి. కార్డులు వాళ్లే దిద్దితే బాగా వస్తాయి.

‘శిక్షణ నచ్చిందా’ అన్న ఫారం దేనికీ పనికిరాదు. మొదటి రోజు పొద్దున మూడు అరమాటలు ఇచ్చి, మీరైతే ఏమంటారో రాయమనండి. మూడో రోజు సాయంత్రం అవే ఇవ్వండి, మూడు నెలల తర్వాత మళ్లీ ఇవ్వండి. లాగలేదా, మూసేయలేదా, అతని మాటే వాడారా, తర్వాతి అడుగు అతని చేతిలో పెట్టారా, ఈ నాలుగింటికీ సున్నా, ఒకటి, రెండు మార్కులు వేయండి. మూడో నెలకు మార్కులు పడిపోతాయి, కాబట్టి ఆరు నెలల పాటు నెలకోసారి గంటన్నర పర్యవేక్షణ కూర్చోబెట్టాలి. ఆ ఖర్చు ముందే బడ్జెట్లో రాయండి. డబ్బు సరిపోకపోతే మూడు రోజుల శిక్షణను రెండుకు తగ్గించి అయినా ఆ ఆరు నెలలు ఉంచండి. వాటితోపాటు ఒకే ఒక లెక్క రాసుకోండి: వచ్చిన మగవాళ్లలో రెండోసారి ఎంతమంది వచ్చారు.

తేదీలు ఖరారు చేసే ముందు ఒక పని చేయండి. పద్దెనిమిది దాటిన మనిషి వచ్చి చిన్నప్పటి సంగతి చెబితే మీ సంస్థ పోలీసులకు చెప్పాలా, ఎప్పుడు, ఎవరు చెప్పాలి అన్నదానికి ఒక న్యాయవాది చేత రాతపూర్వక విధానం తయారు చేయించుకోండి. చేసినవాడి దగ్గర ఇప్పటికీ పిల్లలు ఉన్నారా అన్నది అందులో మొదటి ప్రశ్న కావాలి. ఆ కాగితం లేకుండా శిక్షణ పెడితే, మీ వాళ్లు గోప్యత గురించి ఏం మాటివ్వాలో తెలియకే మొదటి అభ్యాసంలో ఆగిపోతారు.